ఉప్పుకోట ఫొటోల్లో రెండో నీడ

ఒకటి. సోమవారం, పొద్దుటి నీడ ఇంకా చిక్కగా ఉంది

ముందు నీ తప్పు దిద్దుతాను వకుళా, క్షేమసమాచారాలు తర్వాత. “ఫొటోలో ఆ అంగీ వేసుకున్నావిడకి రెండు నీడలున్నాయి అమ్మమ్మా, అంటే ఉప్పుకోట రాణికి కవలచెల్లెలు ఉందన్నమాట” అని నిన్న రాశావు. రెండు నీడలుంటే ఇద్దరు మనుషులున్నట్టు కాదు. రెండు వెలుగులున్నట్టు. అంతే. ఐదేళ్ళ వయసు దాకా నువ్వు చంద్రుడి మీది ఈ కుందేటిపాడులోనే, నీ రెండు నీడల్నీ ఒకేసారి తొక్కాలని గెంతుతూ పెరిగావు. గోతి అంచున ఉన్న తూర్పద్దం, పడమటద్దం ఎండని పట్టి మన గుమ్మటాల్లోకి తోస్తాయని, పొద్దున తూర్పద్దం వేసే నీడ చిక్కగా, సాయంత్రం పడమటద్దం వేసే నీడ చిక్కగా ఉంటుందని, రెండూ సమానమైతే అన్నం వేళని నీకు నేర్పింది నేనే. ఇప్పుడు నువ్వు ఆకాశంలో మా నెత్తిమీద తిరిగే ఓడల రేవులో ఉద్యోగం చేస్తున్నావు. అక్కడ కప్పంతా దీపాలే, ఎవరికీ నీడ ఉండదు. పదిహేడేళ్ళలో నీడంటే ఏమిటో మరిచిపోయి కవలల్ని పుట్టించావు.

ఇంకో మాట. ఆ పుస్తకం నేనూ చదివాను, ఆరు సంపుటాలూ. మూడోదానికి ఎవరైనా కత్తెర వేసి ఉంటే బాగుండేది. రాణి ఒక్కతే కూతురని మొదటి సంపుటం రెండో పేజీలోనే ఉంది. పదకొండుసార్లు చదివానంటావు, ఏ పేజీ నుంచి మొదలుపెడతావు?

మీ గోల నాకు అర్థం కాకపోలేదు. యంత్రానికి కథ చెబితే పూట తిరిగేసరికి సినిమా వండి ఇచ్చే రోజులివి. అలాంటిది గోడలు నిజంగా కట్టి, రంగులు చేత్తో వేసి, మనుషులు నిజంగా మెట్లెక్కి దిగే సినిమా ఒకటి తీస్తున్నారు, అదీ ‘ఉప్పుకోట’. ఎక్కడ తీస్తున్నారో ఎవరికీ తెలియదు. ఆ సెట్టు ఫొటోలు మూడు బయటికి పొక్కాయంటే మీ ‘కోటవాళ్ళు’ పదకొండు లక్షలమందీ పనులు మానుకుని వాటిని పెద్దవి చేసి చూడటంలో వింత లేదు. నాకు మాత్రం అవింకా రాలేదు. మా ఊరికి ఉత్తరాలు రోజూ వస్తాయి. బొమ్మలన్నీ వారానికోసారి, గురువారం వచ్చే మూటలోనే.

ఇక లాగు, అదే రోజువారీ చిట్టా. ముప్పై ఒక్కేళ్ళు అద్దాలగదిలో లెక్కలు చూసి లాగు రాసిన చేయి ఇది, రిటైరైనా ఊరుకోదు. గాలి జల్లెడ దులిపాను. నా వంతు నీళ్ళు పట్టాను. పోయిన వారం పెట్టిన గుమ్మడి వడియాలు డబ్బాలకెత్తాను, మూడు డబ్బాలయ్యాయి. మూడో గుమ్మటంలో ఎండబెట్టాను. అది మూసేశారు కదా అంటావు. మూసేశారు కనకే అక్కడ మనుషుల ఊపిరి తడి లేదు, వడియం రెండు పూటల్లో గలగలమంటుంది. వెనక తలుపు తాళంచెవి నా మెడలోనే ఉంది. రిటైరైన రోజున ఎవరూ అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు. లోపల కమిటీవాళ్ళు పన్నెండేళ్ళుగా వాయిదా వేస్తున్న కల్యాణమండపం ఎట్టకేలకు మొదలుపెట్టినట్టున్నారు. మెట్లు లేచాయి, ఒక కమాను లేచింది. కమానుకి అప్పుడే పగుళ్ళు. మేస్త్రీ ఎవరో ఆడమనిషి, చలికి కాబోలు, కాళ్ళదాకా అంగీ వేసుకుని తిరుగుతోంది. నేను తలదూర్చలేదు. వడియాలు మాత్రం ఈసారి ముత్యాల్లా కుదిరాయి. పెట్టిన రోజే ఫొటోలు తీసి, అన్ని స్థావరాల వంటవాళ్ళూ చూసే వంటింటి పలకకి పంపాను.

మన వీధిలో కొత్తగా దిగిన పైడిరాజు సంగతి రాయలేదు కదూ. గాలి గొట్టాల మరమ్మతుకని భూమి నుంచి వచ్చిన పాతికమందిలో ఒకడు. యాభై దాటాడు, శ్రీకాకుళం వైపు మనిషి, భోజనం నా దగ్గర. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నీలం రంగు.

“గొట్టాలకి నీలం రంగెందుకయ్యా?” అన్నాను.

“తుప్పట్టకండానమ్మా.”

“ప్లాస్టిక్ గొట్టాలకి తుప్పా?”

“నానేటి సెప్పగలనమ్మా, పైవోళ్ళు ఎయ్యమన్నారు, ఏసినాను” అని కంచంలోకి ముఖం దించేశాడు. పోయిన మంగళవారం దవడపన్ను పీకించుకున్నాడు, ఇంకా గంజే. అబద్ధం నమలడానికి కూడా పళ్ళు కావాలి పాపం.

రెండు. బుధవారం, నీడలు సమానం

నీ రెండో ఉత్తరం ఉమ్మడి వంటశాలలో గుమ్మడికాయ కోరుతూ ఆదెమ్మకి చదివి వినిపించాను. వంటశాల ఆవిడ చేతికింద నడవబట్టి ఇరవై ఏళ్ళు. నీకు చిన్నప్పుడు బెల్లంముక్క పెట్టేది, గుర్తుందో లేదో.

మూడో ఫొటోలో తెల్లగుడ్డ మీద బారులు తీరి ఏవో తెల్లటివి, గుండ్రటివి ఉన్నాయట. వాటి గురించి మీలో మూడు వర్గాలట. ఉప్పుపిట్ట గుడ్లనేవాళ్ళు, చచ్చిన సైనికుల పుర్రెలనేవాళ్ళు, ఉప్పుకుప్పలనేవాళ్ళు. గుడ్ల వర్గానికి నాయకురాలివి నువ్వేనట. సంతోషం.

“ఉప్పుపిట్టంటే ఏంటొదినా?” అంది ఆదెమ్మ.

“ఏనుగంత పిట్ట. ఉప్పు తిని బతుకుతుంది. రాణి దాని వీపెక్కి యుద్ధానికి పోతుంది. నాలుగో సంపుటంలో దాని గుడ్లు మాయమవుతాయి, ఆరో సంపుటం దాకా దొరకవు.”

“మూడు పుస్తకాలు గుడ్లు వెతుకుతారా? మన కోళ్ళగదిలో నాలుగు గుడ్లు పోతే నేను పప్పు ఉడికేలోపల దొంగని పట్టుకున్నాను.”

“నువ్వుంటే కథ రెండు సంపుటాల్లో తేలిపోయేది.”

నాకూ సరదా పుట్టి మీ కోటవాళ్ళ గుంపులో చేరాను. పేరు ‘నీడలెక్క’. ‘నీడలు రెండుంటే వెలుగులు రెండు, కవలలు కారు’ అని ఒక్క ముక్క రాశాను. వెంటనే నలభైమంది మీద పడ్డారు. ‘ముందు పుస్తకం చదివి రా’ అన్నాడొకడు. ‘ఇలాంటివాళ్ళ వల్లే గుంపు పాడవుతోంది’ అందొకతె. డెబ్భై నాలుగేళ్ళొచ్చాక నా వల్ల ఏదైనా పాడవగలదని తెలియడం హుషారుగానే ఉంది.

పైడిరాజు మధ్యాహ్నం ఆలస్యంగా వచ్చాడు. గంజి కూడా ముట్టలేదు.

“పన్ను సలుపుతోందా?”

“నేదమ్మా. ఓడ ఎప్పుడు?”

“ఆదివారం. ఏం?”

“ఏం నేదు” అని చేయి కడిగేసుకున్నాడు. తినని చేయి కడుక్కోవడం నాకు నచ్చలేదు. లాగులో రాసుకున్నాను.

మూడు. గురువారం, సాయంత్రపు నీడ చిక్కబడుతోంది

మూట వచ్చింది. భోజనశాల గోడ మీద మీ మూడు ఫొటోలూ వేశారు, ఊరంతా చేరింది. ఎవరో అంచులు కత్తిరించి, వెలుగు తగ్గించి, నీలంగా మార్చేశారు. మొదటిదాంట్లో మెట్లు, కమాను, అంగీ మనిషి. రెండోదాంట్లో పగుళ్ళ గోడ, అంచున ఒక రంగుడబ్బా. మూడోదాంట్లో మీ గుడ్లు.

“బొమ్మ బానే ఉంది, ఇందులో వింతేవుంది?” అంది ఆదెమ్మ.

ఊరు ఊరంతా అదే మాట. నూట అరవైమందిలో ఒక్కరికీ రెండు నీడలు వింతగా తోచలేదు. ఏళ్ళ తరబడి రెండేసి చూస్తున్నవాళ్ళకి ఒక్కటే ఉంటే కదా కంగారు. భూమ్మీదవాళ్ళు రెండో నీడని చూసి కవలలన్నారు, మావాళ్ళు దాన్ని చూడనే లేదు. అది ఇక్కడ తీసిన ఫొటో అని అటు ఎవరికీ తట్టలేదు, ఇటు ఎవరికీ తట్టలేదు.

నాకు తట్టింది. ఆ గొప్ప నాది కాదు, నా ఇస్త్రీపెట్టెది. మూడో ఫొటోలో గుడ్డ ఎడమ మూలన అరచేయంత గోధుమరంగు మచ్చ ఉంది చూశావూ, మీరంతా ‘రాజముద్ర’ అంటున్నది? నీకు నాలుగేళ్ళప్పుడు నేను ఇస్త్రీ చేస్తుంటే కొంగు పట్టుకు లాగి, కథ చెప్పమని ఏడ్చావు. నేను ఇటు తిరిగాను, పెట్టె అటు ఆగిపోయింది. ఎర్రంచు కొత్త దుప్పటి. అప్పటి నుంచీ అది వడియాల గుడ్డ.

“ఆదెమ్మా, అవి నా వడియాలు” అన్నాను మెల్లగా.

“ఏవి?”

“గుడ్లు.”

ఆదెమ్మ గోడ దాకా వెళ్ళి వేలితో లెక్కపెట్టి వచ్చింది. “పదహారు బారులు, బారుకి పద్దెనిమిది. నువ్వే. ఇంత తిన్నగా పెట్టే జబ్బు ఈ గోతిలో ఇంకెవరికీ లేదు.”

గుడ్ల మధ్య నిలబడ్డ ‘రాజదండం’ పిండిగిన్నెలో నేను గుచ్చిన గరిట. నేను వంటింటి పలకకి పంపిన ఫొటోల్లోంచి ఎవరో వంటవాడు, మీవాడే అయ్యుంటాడు, వెనకున్న మెట్లూ కమానూ చూసి పుస్తకంలోని కోటని పోల్చుకున్నాడు. నేను కల్యాణమండపం అనుకున్నది ఉప్పుకోట. నవ్వొచ్చింది. ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే వచ్చాను.

గడపలో పైడిరాజు కూర్చుని ఉన్నాడు. పక్కన అతని సంచి.

“మేం గొట్టాలోళ్ళం కాదమ్మా. సినిమావోళ్ళం.”

“గొట్టాలవాడివి కాదని నువ్వొచ్చిన రోజే నీ గోళ్ళు చెప్పాయి. ఇక్కడికెందుకొచ్చారయ్యా ఇంత దూరం?”

“తాళ్ళు కట్టకండా మనిసి పిట్ట మీద ఎగరాల. బూమ్మీద ఎగరనేడు కదమ్మా, ఇక్కడైతే ఓ గెంతు గెంతితే సాలు.” సంచి దగ్గరికి లాక్కున్నాడు. “ఆ పొటోలు నాను తీసీసి అమ్మీసినానంతన్నారు. అందరి కెమెరాలూ మూటగట్టి సీలేసీసినారు. రంగులు సరిసూసుకోడానికని నా ఒక్కడికే ఒగ్గీసినారు. రెండో పొటోలో నా డబ్బా అగుపిస్తంది. ఆదివారం ఓడెక్కమన్నారు. ఎవులూ నాకు కుంచె ఇవ్వకండా యూనియన్‌కి రాసెత్తారట.”

“వేరే పని చూసుకోలేవా?” అన్నాను. అడగకూడని మాట.

“ఇరవైరెండేళ్ళు ఏరే పనే సేసినానమ్మా, రంగుల కొట్లో డబ్బాలు మోసినాను. యంత్రాలొచ్చినాక గోడెవుడు కడతాడు? మొన్న ఈ కోట గోడ ముందర నిలబడి కుంచె పట్టీసరికి కూడు మాటే మరిసిపోనాను. ఆ పగుళ్ళు సూసినారా? ఒక్కో పగులూ మూడ్రోజులు.”

సోమవారం నాడు నేను ఎద్దేవా చేసిన పగుళ్ళు అవి. నాకిక నవ్వు రాలేదు.

“పైడిరాజూ, ఆ ఫొటోలు తీసింది నేను.”

అతను నా వైపు చూసి చేతులు జోడించాడు. “వొద్దమ్మా. నాకోసరం ఈ వయసులో మీరు అబద్దమాడొద్దు.”

నాలుగు. శుక్రవారం, నీడలు సమానం కాకముందే

మూడో గుమ్మటం ముందు తలుపుకి వెళ్ళాను, ‘గొట్టాల మరమ్మతు, ప్రవేశం లేదు’ అన్న బోర్డు పక్క నుంచి. మేనేజరు పేరు చక్రధర్. నలభై ఏళ్ళుంటాయి, ఇక్కడి బరువు ఇంకా అలవాటు కాలేదు, అడుగు తీసినప్పుడల్లా జానెడు పైకి లేస్తున్నాడు. గాల్లో ఉన్న మనిషికి నిజం చెప్పడం కష్టం.

“నేరం నాది నాయనా. నా దగ్గరున్న తాళంచెవితో వెనక తలుపు తీశాను. వడియాలకి తీసిన ఫొటోలవి” అని డబ్బా మూత తీసి చూపించాను.

ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. “అమ్మా, మీరు పెద్దవారు. మా అమ్మ వడియాలు పెడుతుంది, నాకు తెలుసు. వడియం బిళ్ళలా ఉంటుంది. ఇది కోడిగుడ్డులా నిలబడింది.”

“మీ అమ్మగారు భూమ్మీద పెట్టారు. అక్కడ పిండి చేయి వదలగానే చతికిలబడుతుంది. ఇక్కడ బరువు ఆరోవంతు. వదిలింది వదిలినట్టు నిలబడుతుంది.”

“మా దగ్గర నివేదిక ఉంది. పెంకు మీద పొలుసులు కనిపిస్తున్నాయని నిపుణుడు రాశాడు. మా సెట్టులో మాకు తెలియకుండా ఎవరో గుడ్లు తయారుచేసి పెట్టారు.”

“పొలుసులు కాదు, గుమ్మడికోరు.”

“పదకొండు లక్షలమంది గుడ్లంటున్నారమ్మా!”

“వాళ్ళలో మా మనవరాలొకతె. దాని మాట మీద మనుషుల్ని ఓడెక్కించకు.”

నా దగ్గరున్న అసలు ఫొటోలు, కత్తిరించనివి, ముందు పెట్టాను. నిట్టూర్చాడు. “ఈ రోజుల్లో ఫొటో సాక్ష్యమేంటమ్మా? యంత్రాన్నడిగితే ఈ క్షణంలో ఇలాంటివి నలభై ఇస్తుంది. పైడిరాజు మీద జాలితో వచ్చారు. అర్థమైంది.” ఆపైన ఒక్కక్షణం ఆలోచించి, “వెనక తలుపు తాళంచెవి ఉందన్నారే?” అన్నాడు.

నేను చెప్పిన నాలుగు ముక్కల్లో మూడు అబద్ధమట. నాలుగోది మాత్రం నిజమని వెంటనే నమ్మి కమిటీకి కబురుపెట్టాడు. మూసిన గుమ్మటంలోకి వెళ్ళినందుకు తాళంచెవి స్వాధీనం. అద్దాలగదికీ అదే తాళంచెవి వకుళా. రోజూ పొద్దున అద్దం తెరుచుకునేటప్పుడు లోపలికెళ్ళి ఓ మూల నిలబడేదాన్ని. తీసిచ్చాను. మెడ తేలికైంది. తేలికైనవన్నీ సుఖంగా ఉంటాయని చెప్పేవాళ్ళని నమ్మకు.

ఇంటికొచ్చి ఆఖరి ప్రయత్నంగా మీ గుంపులో రాశాను: ‘అవి గుడ్లు కావు, గుమ్మడి వడియాలు. పెట్టింది నేనే.’ నాలుగువేల నవ్వులు పడ్డాయి. ఆ తర్వాత ‘గుంపు గౌరవానికి భంగం కలిగించినందుకు నీడలెక్కని బహిష్కరించడమైనది’ అని వచ్చింది. కింద సంతకం చూశాను. నిర్వాహకురాలు, వకుళ.

నిన్ను చేతులమీద పెంచాను. కథ చెప్పమంటే దుప్పటి కాల్చుకుని మరీ చెప్పాను. సరే.

ఐదు. శనివారం, పొద్దుటి నీడ

రాత్రి నిద్రలో కాదు, పొద్దున బెండకాయలు తరుగుతుంటే తట్టింది. చాకుకి రెండు నీడలు పడ్డాయి. నా ఫొటో నమ్మడు సరే, తన ఫొటో నమ్ముతాడు కదా!

అద్దాలగదికి వెళ్ళి తలుపు తట్టాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే ఇప్పుడక్కడ ఇన్‌చార్జి. నా మెడవంక చూసి, పోయిన వారం మంగళవారం లాగు తీసి ఇచ్చింది. మంచి పిల్ల.

లాగు, పిండిగిన్నె, గరిట, వడియాల డబ్బా, ఎర్రంచు గుడ్డ పట్టుకుని, ఆదెమ్మని వెంటపెట్టుకుని మళ్ళీ గుమ్మటానికి వెళ్ళాను. చక్రధర్‌తో పాటు ఇంకొకావిడ ఉంది. కాళ్ళదాకా అంగీ. నేను మేస్త్రీ అనుకున్న మనిషే.

“మీరు…” అన్నాను.

“నిలోఫర్. డైరెక్టర్ని.”

“అయితే మొదటి ఫొటోలో రాణి మీరేనా?”

“సలికి తట్టుకోల్యాక రాణి అంగీ ఏసుకున్నా పెద్దమ్మా. ఆపొద్దు రాణి ఏసం కట్టే పిల్ల ఇంగా ఈ ఊరికే రాల్యా.” కర్నూలు మాట, వినగానే ప్రాణం లేచొచ్చింది. మీ కవలచెల్లెలి కథ అక్కడితో సమాప్తం.

చక్రధర్‌ని మూడో ఫొటో తీయమన్నాను. “ఇది నిజమని నువ్వే అంటున్నావు కదా? గరిట నీడలు చూడు. పొద్దుటి నీడ చిక్కగా ఉంది, సాయంత్రపు నీడ పలచగా ఉంది. అంటే అన్నం వేళకి ముందు. ఇప్పుడు ఆ పలచని నీడ అంచు పెద్దది చెయ్యి. పదకొండు లక్షలమంది గుడ్లనే పెద్దవి చేశారు, దీన్నెవరూ చేయలేదు.”

పెద్దది చేశాడు. పలచని నీడ అంచులో సన్నటి వెలుగు గీత, పంటి సందులాగ.

“పడమటద్దానికి తొమ్మిది పలకలు. పోయిన వారం మంగళవారం నాలుగోది మొరాయించింది. పది ఇరవై నుంచి పదకొండు దాకా, సరిగ్గా నలభై నిమిషాలు. ఈ ఏడాదిలో అదొక్కసారే. ఇదిగో లాగు. ఆ నలభై నిమిషాల్లోనే ఈ ఫొటో తీశారు. అప్పుడు పైడిరాజు ఎక్కడున్నాడో కనుక్కో.”

కనుక్కోనక్కర్లేకపోయింది. “దవాఖానాలో!” అంది ఆదెమ్మ. “దవడపన్ను పీకుతుంటే కాళ్ళు పట్టుకుంది నేనే. పదింటికి కూర్చోబెట్టాం, పదకొండున్నరకి లేపాం. ఆ కేక ఊరంతా వింది. అడగండి.”

చక్రధర్ లాగు చూశాడు, ఫొటో చూశాడు. “అప్పుడు పలకలు బాగుచేస్తున్నారని సెట్టులో పని ఆపించింది నేనే” అన్నాడు నెమ్మదిగా. కాళ్ళు నేలకి ఆనాయి, ఇక్కడికొచ్చాక మొదటిసారి అనుకుంటాను.

“మరి ఆ గుడ్లు?” అంది నిలోఫర్.

గుడ్డ పరిచి గిన్నెలో చేయి పెట్టాను. వేళ్ళ మధ్య నుంచి పిండి జారి, తొందరేమీ లేకుండా కిందికి దిగి, గుడ్డ మీద నిలబడింది. ఇంకొకటి. ఇంకొకటి. పద్దెనిమిది పెట్టేసరికి ఆవిడ మోకాళ్ళమీద కూర్చుని ఉంది. ఆదెమ్మ ఈలోపు డబ్బాలోంచి ఎండినవి కొన్ని అక్కడి పొయ్యి మీదే వేయించి తెచ్చింది. చక్రధర్ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

“వడియమే” అన్నాడు. ముక్కు ఎగబీల్చాడు. వాళ్ళమ్మ గుర్తొచ్చిందనుకుంటాను, లేకపోతే మిరపకాయ.

పైడిరాజుకి కబురెళ్ళింది. చక్రధర్ అతని ముందు చేతులు కట్టుకుని, “తప్పయిపోయింది అన్నా” అన్నాడు. పైడిరాజు ఆ మాట సరిగా వినలేదు, అతని చూపు గోడ మీదుంది. “ఆ మూల పగులు ఇంకా ఆరనేదు బాబూ, రేపు రెండో పూత ఎయ్యాల” అని సంచి అక్కడే వదిలేసి కుంచె తెచ్చుకోవడానికి పోయాడు.

నిలోఫర్ మాత్రం వడియాల ముందు నుంచి కదల్లేదు.

“పెద్దమ్మా, మా కత కాగితంలో గుడ్లు రెండే ఉండాయి. ఈ జనాలు బారులుబారులు అని ఆశపడిండారు. ఇట్లాటివి ఎన్ని పెట్టగలరు?”

“ఎంతమంది తింటారు?”

“తినరు. వెండిరంగు ఏస్తాం.”

“అయితే పెట్టను.”

బేరం గంటసేపు నడిచింది. ముందు రెండు బారులకి మాత్రమే రంగు. మిగిలినవి అలాగే ఉంచి, షాటు అయిపోగానే యూనిట్టుకి పప్పులోకి. భూమ్మీద ఏ సెట్టులోనూ ఇవి ఇలా నిలబడవు కాబట్టి ఆవిడకి వేరే దారి లేదు. ఆ సంగతి నేనూ మరిచిపోలేదు.

ఆరు. సోమవారం, నీడలు సమానం

ఆదివారం ఓడ పైడిరాజు లేకుండా వెళ్ళింది. ఈ రోజు మెత్తగా కలిపిన పప్పన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు. నా కమాను పగుళ్ళ విమర్శ అతనికి చెప్పేశాను. “నిజం పగులనుకున్నారా అమ్మా?” అని ముఖం వెలిగిపోయింది. పన్ను ఊడిన సందు మొత్తం కనిపించేలా నవ్వాడు.

తాళంచెవి కమిటీ దగ్గరే ఉంది. నియమం నియమమే, ఆ నియమం రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మెడలో ఇప్పుడు దాని బదులు ఒక అట్టముక్క వేలాడుతోంది, ముందు తలుపులోంచే వెళ్ళొచ్చు. దాని మీద నా పేరు, కింద ‘గుడ్ల విభాగం’ అని ఉంది. పొద్దున అద్దాలగది పిల్ల తలుపు తనే తీసి, “విభాగం వారు లోపలికి రండి” అంది. నా మూల నాకే ఉంది.

నీ వర్గం గెలిచింది వకుళా. అవి ఉప్పుపిట్ట గుడ్లే, ఇప్పటి నుంచి. ఎలా గెలిచిందన్నది నీకొక్కదానికే తెలుసు. సినిమా వచ్చేదాకా మీ కోటవాళ్ళకి ఒక్క ముక్క పొక్కకూడదు, నిలోఫర్‌కి నీ తరఫున నేను మాటిచ్చాను. పదకొండు లక్షలమంది ముందు నోరు మూసుకోవడం నీకు కష్టమని తెలుసు. వడియాలు నములుతూ ఉండు, ఒక డబ్బా పంపుతున్నాను. ఇక నీడలెక్క అనే ముసలావిడ మీద బహిష్కరణ ఈ పూటే ఎత్తెయ్యి. ఆవిడ ఇంకేమీ రాయదు, మీరు రాసేవి చదివి నవ్వుకోవాలంతే.

ఇక పని. గురువారం ఇటు దిగే ఓడకి అందేలా చెయ్యి. రేవు బజారులో పొట్టు తీసిన మినప్పప్పు ఐదు కిలోలు, ముద్ద ఇంగువ చిన్న డబ్బా ఒకటి కొను. పొడి ఇంగువ అంటగడతారు, తీసుకోకు. తర్వాత బట్టల వరసలో తెల్లటి నూలు దుప్పట్లు మూడు, ఎర్రంచువి, అంచు రెండు వేళ్ళ వెడల్పు. ఒకసారి ఉతికి ఆరేసి, ఒక్కో దుప్పటి ఎడమ మూలన ఇస్త్రీపెట్టె బాగా వేడిగా పెట్టి, పది లెక్కపెట్టి తియ్యి. మచ్చ, అదే మీ ‘రాజముద్ర’, అరచేయంత ఉండాలి, ముదురు గోధుమరంగు రావాలి, చిల్లు పడకూడదు. మీవాళ్ళు పెద్దది చేసి చూస్తారు. లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా వచ్చి కథ చెప్పమని కొంగు లాగితే మాత్రం, పెట్టె పక్కన పెట్టి అప్పుడు ఇటు తిరుగు.